శిలువ రాయి వెనకవైపు

మా సినిమా ఆర్ట్ డిపార్టుమెంటు వాళ్లకు ఒక పాడు అలవాటు ఉంటుంది. ఎవరింటికి వెళ్లినా ముందు గోడను వేలి కణుపులతో రెండుసార్లు కొట్టి చూస్తాం. డబడబమంటే ప్లైవుడ్డు, మొద్దుగా పలికితే గోనెసంచి మీద ప్లాస్టర్, పలకకపోతే నిజం గోడ. మా అక్క గృహప్రవేశంలో పూజ జరుగుతుండగా నేను హాలు గోడ కొట్టి చూశానని మా బావ ఇప్పటికీ దెప్పుతూ ఉంటాడు. స్కాట్లండులో ఎనిమిది వందల ఏళ్ల నాటి చర్చి గోడను కూడా అలాగే కొట్టాను. గోడ పలకలేదు కానీ నా వేళ్ల మీద తోలు లేచింది.

అక్కడిదాకా ఎలా వెళ్లానో ముందు చెప్పాలి.

నేను ఆర్ట్ డైరెక్టరైన మాస్టారి దగ్గర అసిస్టెంటుగా చేరింది ఎనభైల మధ్యలో. కాలేజీలో బొమ్మలు వేయడం నేర్చుకుని, కృష్ణానగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని, పొద్దున్నే ఫిల్మ్‌నగర్ గుట్ట ఎక్కేదాన్ని. అప్పట్లో ఆటోవాళ్లు ఆ గుట్ట పైకి రామనేవాళ్లు. బండరాళ్లు, ముళ్ల పొదలు, వాటి మధ్య ఒక్కో ఇల్లు లేస్తూ ఉండేది. సెట్టులో అడుగుపెట్టిన మొదటి రోజు అక్కడి పనివాళ్లు నన్ను జూనియర్ ఆర్టిస్టు అనుకుని మేకప్ గది అటు అని దారి చూపించారు. నాకు ఒళ్లు మండి, చీర కొంగు దోపుకుని ప్లాస్టర్ తొట్టిలో మోచేతుల దాకా చేతులు పెట్టాను. అది చూసి రహమత్‌నగర్ నుంచి వచ్చే పెద్దమేస్త్రి నవ్వాడు. వడ్రంగం నుంచి ప్లాస్టర్ దాకా మాస్టారి పనంతా ఆయన చేతుల మీదుగానే జరిగేది. ఆ రోజు నుంచి నన్ను బిడ్డా అనే పిలిచాడు.

మాస్టారిది గుంటూరు వైపు. పరిశ్రమతోపాటు మద్రాసు నుంచి ఇటు వచ్చి, ఫిల్మ్‌నగర్ వాలులో చిన్న ఇల్లు కట్టుకున్నారు. ముప్ఫై ఏళ్లలో ఆయన కట్టిన కోటలకు లెక్క లేదు. జానపదాల కోటలు, కలల పాటల్లో దొరల కోటలు, దెయ్యాల కోటలు. వాటిలో ఒక్కదాన్ని కూడా నిజంగా చూసి కట్టలేదు. పాత క్యాలెండర్లు, బిస్కెట్ల డబ్బాల మూతలు, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం కొన్న చిరిగిన పుస్తకాలు, ఇవే ఆయన చదువు. ఆయన కట్టిన కోట ముందు నిలబడితే నాకు గొంతు తగ్గించి మాట్లాడాలనిపించేది. వెనక్కి వెళితే సరివి కర్రలు, మేకులు, ఎవరో ఆరేసిన తువ్వాలు. మా పనిలో దేనికైనా ముందు, పక్కలు మాత్రమే ఉంటాయి. కెమెరా చూడని వైపు మేమూ చూడం.

తొంభైల మధ్యకు వచ్చేసరికి మాస్టారికి పని తగ్గింది. బొంబాయి నుంచి కొత్త ఆర్ట్ డైరెక్టర్లు వస్తున్నారు. ఆ సమయంలో జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాత ఆఫీసు నుంచి కబురొచ్చింది. కుర్ర దర్శకుడు. స్కాట్లండులో ఒక పాత పల్లెటూళ్లో పాట తీస్తారు. కథలో క్లైమాక్స్ కూడా ఆ ఊళ్లోనే. కానీ యూనిట్ మొత్తాన్ని అన్ని రోజులు అక్కడ ఉంచలేరు కాబట్టి పాట అక్కడ తీసి, క్లైమాక్స్‌కు ఆ చర్చి ముంగిలి ఇక్కడ సెట్టు వేయాలి. రెండూ కలిసిపోవాలి. కలవకపోతే తర్వాతి సినిమాకు వేరేవాళ్లను చూసుకుంటానని దర్శకుడు నవ్వుతూనే చెప్పాడు. నవ్వుతూ చెప్పిన మాటలే మా పరిశ్రమలో గట్టి మాటలు.

ఆర్ట్ వాళ్లలో ఒక్కరికే చోటు ఉందన్నారు. మాస్టారు క్షణం కూడా ఆలోచించకుండా అమ్మాయి వెళ్తుందన్నారు. తనకు మోకాళ్ల నొప్పులట, అక్కడి చలి పడదట. బయటికొచ్చి మెట్లు దిగుతూ నా చేతిలో కొలతల టేపు పెట్టారు. రాయి ఎక్కడ నాచు పడుతుందో, వాన నీళ్లు ఎటు జారతాయో, మనుషుల చేతులు తగిలి ఎక్కడ నున్నబడుతుందో చూసి రమ్మన్నారు. ఆఖరి మెట్టు మీద ఆగారు.

"ముప్ఫై ఏళ్లుగా నేను కట్టినవి ఎంతవరకు తప్పో కూడా చూసి రామ్మా. వచ్చాక దాచకుండా చెప్పు."

ఆయన భయం చలి గురించి కాదని అప్పుడు అర్థమైంది. ఆయన తరఫున భయపడటం కూడా నా సంచీలోనే పెట్టుకుని విమానం ఎక్కాను.

ఆ ఊరు మొత్తం కలిపితే మా కృష్ణానగర్‌లో రెండు వీధులంత ఉంటుంది. నల్లటి రాతి ఇళ్లు, గూని వీపులా వంగిన పాత వంతెన, దాని కింద టీ రంగు నీళ్లు. గుట్ట మీద పైకప్పు లేని కోట, లోపల గొర్రెలు. ఊరి చివర చర్చి. చర్చి గోడకు రెండడుగుల దూరంలో ఒక రాతి పలక నిలబడి ఉంది. రెండు నిలువుల ఎత్తు. దాని ముందువైపంతా చెక్కిన శిలువ, శిలువ నిండా తాళ్లు అల్లినట్టు అల్లిక. మొదలూ చివరా దొరకని అల్లిక. దాని ముందు నిలబడి నేను చాలాసేపు పెన్సిలు తీయలేదు. వరంగల్లులో రాతి స్తంభాలు చూసి పెరిగినదాన్నే అయినా, ఇంత చలిలో, ఇంత వానలో ఒక మనిషి కూర్చుని ఇంత ఓపిగ్గా ఎలా చెక్కాడా అనిపించింది.

చర్చి తాళం ఒక పెద్దావిడ దగ్గర ఉండేది. మూరెడు తాళంచెవి, ఊలు కోటు, ఫ్లాస్కులో టీ. ఆవిడ ఇంగ్లీషు నాకు సగం అర్థమయ్యేది, నాది ఆవిడకు అంతకంటే తక్కువ. నేను గోడ కొట్టి వేళ్లు ఊదుకుంటుంటే కంగారుగా వచ్చింది. మా ఊళ్లో గోడలు పలుకుతాయని చేతులతో అభినయించి చెప్పాను. ఏమర్థమైందో గాని తనూ గోడను ఒకసారి కొట్టి చూసింది.

పాట మొదలుపెట్టే ముందు ప్రొడక్షన్ మేనేజరు హైదరాబాదు నుంచి మోసుకొచ్చిన కొబ్బరికాయ కొట్టాలన్నాడు. చర్చి మెట్టు మీద వద్దని ఆవిడ చేయి అడ్డం పెట్టి, గేటు బయట ఒక బండ చూపించింది. గాలికి కర్పూరం వెలగలేదు. నలుగురం గుండ్రంగా నిలబడి అడ్డం పెడితే ఒక్క క్షణం వెలిగింది. కొబ్బరి చిప్ప ఒకటి ఆవిడ కూడా తీసుకుని, జేబురుమాలులో చుట్టుకుని ఇంటికి పట్టుకెళ్లింది.

నాలుగు రోజులూ హీరో హీరోయిన్లు వంతెన మీద గంతులేస్తుంటే, నేను వానలో ఆ శిలువ రాయిని కొలిచాను. ఆవిడ నా నోటుబుక్కు మీద గొడుగు పట్టుకుని నిలబడేది. అంగుళం అంగుళం గీశాను. ముప్ఫై ఆరు ఫోటోల రీలు రెండు అవగొట్టాను. నాచు ఎక్కడుంది, నీళ్లు ఎటు జారాయి, మెట్టు మధ్యలో ఎంత అరిగింది, అన్నీ రాసుకున్నాను. జన్మలో అంత బుద్ధిగా పని చేయలేదు. తిరిగొచ్చేటప్పుడు విమానంలో ఆ నోటుబుక్కు నా ఒళ్లోనే పెట్టుకుని నిద్రపోయాను.

మాస్టారు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడం మాత్రం కష్టమైంది. కానీ దాచొద్దన్నారు కాబట్టి చెప్పాను. మనం నాచు గోడంతా పూస్తాం, అక్కడ ఎండ తగలని వైపే ఉంది. మన రాళ్లు అన్నీ ఒకే కొలత, అక్కడ రెండు రాళ్లు ఒకలా లేవు. మన మెట్లు అంచు దగ్గర విరిగి ఉంటాయి, అక్కడ మధ్యలో గుంట పడి ఉన్నాయి. ఆయన తల ఊపుతూ అంతా విన్నారు. తర్వాత రెండు రోజులు పనిలోకి రాలేదు. మోకాళ్లు నొప్పి అని ఇంటి నుంచి కబురు పంపారు. నాకు నా నోటి మీదే కోపం వచ్చింది. కొంచెం తేనె పూసి చెప్పి ఉండాల్సింది. మూడోరోజు వచ్చి, ఏమీ జరగనట్టు ప్లాస్టర్ కలపమన్నారు.

సెట్టు స్టూడియో వెనక ఖాళీ జాగాలో లేచింది. చర్చి గోడ, దాని ముందు మా శిలువ రాయి. నా కొలతలన్నీ పనికొచ్చాయి. నాచు ఒక్క వైపే పూశాం. మెట్టు మధ్యలో మేస్త్రి స్వయంగా ఆకురాయితో అరగదీశాడు. షూటింగ్ ఇంకా తొమ్మిది రోజులుందనగా దర్శకుడు చూడటానికి వచ్చాడు. సంతోషంగా చుట్టూ తిరిగాడు. హీరోయిన్ ఆ రాయి చాటున దాక్కుని ఏడుస్తుంది కదా, కెమెరా ఎక్కడ పెట్టాలా అని కాసేపు చూశాడు. అప్పుడు తేలిగ్గా అన్నాడు, చర్చి గోడ తీసేస్తే సరిపోతుంది, కెమెరా అటు పెట్టి రాయి వెనక నుంచి తీద్దాం అని. సెట్టులో గోడలు తీసేయడం మాకు కొత్త కాదు. నలుగురు పట్టుకుంటే గోడ పక్కకు పోతుంది.

మాస్టారు నా వైపు తిరిగి, అక్కడ నేను గీసుకొచ్చిన వెనకవైపు బొమ్మ చూపించమన్నారు.

నోటుబుక్కులో లేదు. డెబ్బై రెండు ఫోటోల్లో లేదు. నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా నేను ఆ రాయి వెనక్కి వెళ్లలేదు. గోడకూ దానికీ మధ్య రెండడుగుల సందు, సందు నిండా ముళ్ల దురదగొండి మొక్కలు. కానీ అది సాకు. అసలు వెళ్లాలని తోచనే లేదు. వెనకవైపు అంటే సరివి కర్రలూ మేకులేనని పదేళ్లుగా నా కళ్లకు అలవాటైపోయింది.

బొమ్మ ఇంట్లో ఉంది, రేపు తెస్తానని అబద్ధం చెప్పాను. దర్శకుడు వెళ్లాక మేస్త్రికి మాత్రం నిజం చెప్పాను. ఆయన బీడీ ఆర్పేసి నన్ను వింతగా చూశాడు.

"గుడికి పోతే చుట్టూ తిరుగుతం గద బిడ్డా. గంత దూరం పోయి, గా రాయి చుట్టు ఎందుకు తిరగలే?"

గుళ్లో అయితే కాళ్లు వాటంతట అవే తిరుగుతాయి. అక్కడ నేను భక్తురాలిని కాదు, ఆర్ట్ అసిస్టెంటుని.

గదికి వెళ్లి కూర్చుని వెనకవైపు నేనే గీశాను. లతలు, మధ్యలో పక్షి, కింద అల్లిక. గంటలో అయిపోయింది. చాలా అందంగా వచ్చింది కూడా. మర్నాడు పొద్దున్నే మాస్టారి ఇంటికి తీసుకెళ్లి వరండాలో ఆయన చేతిలో పెట్టాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత కాగితం మెల్లగా ఒళ్లో పెట్టుకున్నారు.

"ఇది అక్కడిది కాదమ్మాయ్. ఇది నాది. ఈ ఆకు మెలిక మద్రాసులో నేను కనిపెట్టింది. నీకు నేర్పింది నేనే."

నేను అక్కడే గడప మీద కూర్చుండిపోయాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. చూడలేదని, తోచలేదని, ఆయన పరువు తీశానని ఏడుస్తూ చెప్పాను. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. లోపలికి వెళ్లి కాఫీ తెచ్చి ఇచ్చి, నా నోటుబుక్కు అడిగారు. ఆ ఊరికి ఉత్తరం రాసినా జవాబు వచ్చేసరికి షూటింగ్ అయిపోతుంది. తాళంచెవి ఆవిడ చిరునామా ఉంది గాని ఫోను నంబరు లేదు. రాయడమైతే రాయమన్నారు. ఆ రోజే రాసి పోస్టు చేశాను.

తర్వాత రెండు రోజులూ ఆయన నా ఫోటోలు వదల్లేదు. భూతద్దంతో ఆ రాయి పక్క అంచులే చూస్తూ కూర్చున్నారు. మూడోరోజు నన్నూ మేస్త్రినీ పిలిచి చూపించారు. అంచు మీద అల్లిక ముందువైపు లోతుగా ఉంది. వెనక్కి వెళ్లేకొద్దీ ఉలి తేలిపోతూ వచ్చింది. చివరి ముడి సగంలో ఆగిపోయింది. డెబ్బై రెండు ఫోటోలు తీసిన నాకు అది కనిపించలేదు.

"వెనక ఏమీ చెక్కలేదమ్మా ఇతను. బోడిగా వదిలేశాడు. చూసేవాళ్లు ఎటు నిలబడతారో తెలిసినవాడు. మనలాంటివాడే."

దర్శకుడికి చెబితే ఒప్పుకోలేదు. ఇంత ఖర్చు పెట్టి బోడి రాయి చూపిస్తే జనం నవ్వుతారన్నాడు. నేను గీసిన లతల బొమ్మ ఎలాగో అతని కంట పడింది. అదే పెట్టండి, అదిరిపోతుందన్నాడు. మాస్టారు ఆ లతలు పెట్టి ఉంటే ఎవరికీ ఏ తంటా ఉండేది కాదు. తర్వాతి సినిమా కూడా ఆయన జేబులో ఉండేది. నేనైతే పెట్టేసేదాన్ని. ఆయన మెల్లగా, బాబూ అంటూనే, అది నా పాత లతల సామాను, ఆ ఊరిది కాదు, రాయి బోడిదే అన్నారు. దర్శకుడు సెట్టు గోడను అరచేత్తో ఒకసారి తట్టాడు. సరే, తేడా వస్తే బాధ్యత మీదే అని కారెక్కి వెళ్లిపోయాడు.

బోడి రాయి చేయడం లతలు చేయడం కంటే కష్టమని అప్పుడు తెలిసింది. మూడు రోజులు మాస్టారు స్టూలు వేసుకుని తనే కూర్చున్నారు. తడి ప్లాస్టర్ మీద ఉలి గుర్తులు ఒక్కొక్కటే పెట్టారు. నేను చేయి వేయబోతే, నీది ఇంకా కుర్ర చేయి, అలసట తెలియదు అని ఆటపట్టించి పక్కకు తోశారు. అలసిన మనిషి చెక్కినట్టు ఉండాలట. నిజంగానే అలసిపోయారు. ఆ మూడు రోజులూ మోకాళ్ల గురించి ఒక్క మాట అనలేదు.

షాటు పెట్టినరోజు మా ముగ్గురికీ ప్రాణం గుప్పెట్లో ఉంది. హీరోయిన్ బోడి రాయికి చెంప ఆనించి ఏడ్చింది. వెనక చెక్కడాలేవీ లేకపోవడంతో కంటికి ఆ మొహం తప్ప ఇంకేమీ కనిపించలేదు. దర్శకుడు కట్ చెప్పి, కెమెరా ఇంకా దగ్గరికి జరపమన్నాడు. ఇంకోసారి, ఇంకోసారి తీశాడు. ప్యాకప్ అయ్యాక మాస్టారి దగ్గరికి వచ్చి, తర్వాతి సినిమాకు డేట్లు ఎప్పుడు ఖాళీ అని అడిగాడు. మేస్త్రి అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. దుమ్ము పడిందన్నాడు.

సినిమా ఒక మోస్తరుగా ఆడింది. సెట్టు మామూలుగానే ఒక్క పూటలో కొట్టేశారు. కొట్టేసే రోజు మాస్టారు ఎప్పుడూ సెట్టుకు రారు.

ఆ తర్వాత ఒకరోజు నిర్మాత ఆఫీసులో నా పేరున ఉత్తరం ఉందన్నారు. తాళంచెవి ఆవిడది. ఆఫీసు మెట్ల మీదే చించి, డిక్షనరీ లేకుండా చదవగలిగినంత చదివి, మిగిలినది దారిలో ఊహించుకుంటూ మాస్టారింటికి పరుగెత్తాను. నేను నాలుగు రోజులు ఉండి కూడా వెనక్కి వెళ్లకపోవడం ఆవిడ గమనించిందట. గుడికి సంబంధించిన రాయి వెనక చూడకూడదని మా మతంలో ఏదైనా నియమం ఉందేమో, అడిగితే బాగోదని ఊరుకుందట. నా ఉత్తరం అందాక చేతి తొడుగులు వేసుకుని, దురదగొండి మొక్కలు నరికి, సందులో దూరి ఫోటో తీసింది.

మాస్టారు వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. ఫోటో ఇచ్చాను. ఆయన చేతులు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని చూశారు.

బోడి రాయి. పై నుంచి కింద దాకా ఉలి గుర్తులు తప్ప ఏమీ లేవు.

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆ క్షణం కంటే సంతోషంగా నేను నా పనిలో ఎప్పుడూ లేను. మాస్టారు మాత్రం నవ్వలేదు. ఫోటోను వెలుతురుకు తిప్పి చూశారు. ఉలి గుర్తుల వాలు మేం పెట్టినదానికి వ్యతిరేక దిశలో ఉందని చూపించారు. ఎడమచేతివాటం మనిషి, అది నాకు తెలియలేదు అన్నారు. రాయి నడుము దగ్గర లోతుగా నాలుగైదు గాట్లు ఉన్నాయి. అవేమిటని అడిగారు. ఉత్తరంలో ఉన్నది చెప్పాను. ఆ రాయి పూర్వం ఊరి మధ్య సంతలో ఉండేదట. సంతకు వచ్చిన రైతులు వెనకవైపు కొడవళ్లు నూరుకునేవాళ్లట. తర్వాత తెచ్చి చర్చి గోడ పక్కన పెట్టారు.

"కొడవళ్లు నూరుకున్నారా," అన్నారు మెల్లగా. "అది నాకు తట్టనే లేదు."

ఫోటో మీద ఆ గాట్లను వేలితో తడిమారు. ఆయన మొహంలో నేను వెతుకుతున్న బాధ లేదు. కొత్త బొమ్మ దొరికిన పిల్లాడి మొహం అది. చిక్కుడుకాయల పళ్లెం పక్కకు జరిపి, కుర్చీ చేతుల మీద బరువు వేసి లేచారు.

"పాస్‌పోర్టు ఆఫీసు ఎక్కడుంటుందో నీకు తెలుసు కదమ్మా. ఈ పూట తీసి ఉంటుందా?"